మా మాట కూడా రిపోర్టే

నొప్పి ఎక్కడుందో, ఎలా ఉందో, ఎప్పుడు పెరుగుతుందో, దేంతో కాస్త సర్దుకుంటుందో అది పడే మనిషికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇంత చిన్న సంగతిని ఇంత పెద్ద వ్యాసంగా రాయాల్సి రావడమే నా బాధ. మన ఆసుపత్రుల్లో రక్తపరీక్ష మాటకు విలువుంది, ఎక్స్‌రే మాటకు విలువుంది, ఎమ్మారై మాటకైతే వేల రూపాయల విలువుంది. నొప్పి పడే మనిషి నోటి మాటకు మాత్రం పూచికపుల్లపాటి విలువ లేదు.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. ఏళ్ళ తరబడి ఒంటినొప్పులతోనే బతుకుతున్నాను. నా జబ్బుకు ఫైబ్రోమయాల్జియా అని ఒక పేరు దొరికేలోపు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో ఏకరువు పెట్టి మీ జాలి అడగను. నాలాంటివాళ్ళు నాకు స్టాఫ్ రూములో తగిలారు, బస్సులో తగిలారు, పెళ్ళి భోజనాల దగ్గర తగిలారు, ఆసుపత్రి బెంచీల మీదైతే లెక్కే లేదు. కొందరికి జబ్బు పేరు తెలుసు, ఎక్కువమందికి తెలియదు. వాళ్ళందరి తరఫునా నేను అడిగేది ఒకటే. మేం చెప్పేదాన్ని సాక్ష్యంగా తీసుకోండి.

"రిపోర్టులన్నీ నార్మలేనమ్మా, ఏం లేదు." ఈ వాక్యంలో మొదటి సగం నిజం. రెండో సగం ఆ నిజంలోంచి పుట్టింది కాదు. ఈఎస్సార్, సీఆర్‌పీ ఒంట్లో వాపు లక్షణాలున్నాయేమో చూస్తాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ కీళ్ళవాతాన్ని వెతుకుతాయి. ఏఎన్‌ఏ లూపస్ లాంటి జబ్బుల జాడ చూస్తుంది. సీపీకే కండరం దెబ్బతిందేమో చెబుతుంది. టీఎస్‌హెచ్‌ది థైరాయిడ్ సంగతి. ఇవన్నీ చేయించాల్సినవే, కాదనను. వీటిలో ఏదైనా జబ్బు బయటపడితే దాని వైద్యం వెంటనే మొదలుపెట్టొచ్చు. కానీ వీటిలో ఒక్కటి కూడా నొప్పిని కొలిచే పరీక్ష కాదు. తాము వెతికిన జబ్బులు లేవని చెప్పగలవు, అంతవరకే. "మేం వెతికినవి దొరకలేదమ్మా" అనాల్సిన చోట "ఏం లేదు" అనేస్తున్నారు. అది వైద్యశాస్త్రం అనిపించిన మాట కాదు, బయట వరసలో ఉన్న జనం అనిపించిన మాట.

ఆ మాట ఆసుపత్రిలోనే ఆగిపోతే బాగుండు. అది మాతోపాటే ఆటో ఎక్కి ఇంటికొస్తుంది. అప్పటిదాకా "అయ్యో" అన్న అత్తయ్య "డాక్టరే ఏం లేదన్నాడుగా" అంటుంది. మావారు మంచిమనిషి, నా మీద ప్రేమ ఉన్నవారు, ఆయనకూ ఆ మాటే కొండంత అండ. "ఏం లేదని తేలిందిగా, ఇక దాని గురించి ఆలోచించకు" అంటారు. ఆడపడుచు ఫోన్లో "వదినకి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందిలే" అంటుంది. ఎవరూ నన్ను పనిదొంగ అనలేదు. అననక్కర్లేకుండానే ఆ మాట ఇల్లంతా తిరుగుతుంది. పెద్ద చదువు చదివిన మనిషి ఇచ్చిన తీర్పును పక్కనపెట్టి మా మాట నమ్మమంటే ఇంట్లోవాళ్ళకు మాత్రం ఎలా కుదురుతుంది? అందుకే నా ఫిర్యాదు వాళ్ళ మీద కంటే ఆ తీర్పు మీదే ఎక్కువ.

ఏం లేదన్న ఆ నొప్పి రోజులో ఎక్కడెక్కడ ఉంటుందో చెబుతాను. గ్రైండర్ గిన్నె వంచి పిండి తీసేటప్పుడు మణికట్టులో ఉంటుంది. జాకెట్టు వెనక హుక్కు పెట్టుకునేటప్పుడు భుజంలో ఉంటుంది. బస్సులో పైన రాడ్డు పట్టుకుని నిలబడితే మోచేతి దాకా పాకుతుంది. బళ్ళో బోర్డు పైభాగంలో రాయాలంటే చెయ్యి తలకంటే ఎత్తు లేపాలి. రెండు లైన్లు రాసేసరికి చేతిలోంచి సుద్దముక్క జారిపోతుంది. అందుకని నేను బోర్డు మధ్య నుంచి కిందికే రాస్తాను. వెనకబెంచీ పిల్లలకు కింది లైన్లు కనపడవు. నాలుగైదు రోజులు చూశాక ఒక పిల్ల తనంతట తానే లేచి వచ్చి, "టీచర్, మీరు చెప్పండి, పైన నేను రాస్తా" అంది. తేదీ, పాఠం పేరు, ముఖ్యాంశాలు ఇప్పుడు తనే రాస్తుంది. ఆ పిల్లకు నా రిపోర్టులు తెలియవు, నా చెయ్యి ఎక్కడిదాకా లేచి ఎక్కడ ఆగిపోతోందో చూసింది. ఆ పన్నెండేళ్ళ పిల్ల చూసినపాటి చూపు చదువుకున్న పెద్దలు ఎందుకు చూడలేకపోయారా అని నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మమ్మల్ని నమ్మకపోవడానికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. "నిన్న భుజమన్నావు, ఇవాళ మోకాలంటున్నావు. మొన్న బాగానే నవ్వుతూ పెళ్ళికెళ్ళావుగా?" నొప్పి చోటు మారడం, ఒకరోజు తగ్గి మర్నాడు విరుచుకుపడడం అబద్ధానికి గుర్తుగా కనిపిస్తాయి వాళ్ళకు. నిజానికి ఫైబ్రోమయాల్జియాకు ఇవి గుర్తులే. ఒళ్ళంతా నొప్పులు, ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోనట్టే లేవడం, తీరని నిస్సత్తువ, నోటిదాకా వచ్చిన మాట మర్చిపోవడం, వెలుతురూ చప్పుడూ ఓర్చుకోలేకపోవడం ఈ జబ్బులో కలిసే ఉంటాయి. పెళ్ళిలో నవ్విన మనిషి మర్నాడు రోజంతా మంచం మీదే ఉండడం ఎవరూ చూడరు. మేం వచ్చినరోజు చూస్తారు, రానిరోజు లెక్కలో ఉండదు.

కారణం దొరకని జబ్బంతా లేని జబ్బేనా? కడుపులో పుండు సంగతి చూడండి. టెన్షన్ వల్లా, కారాలూ మసాలాలూ తినడం వల్లా అల్సర్ వస్తుందని వైద్యులే దశాబ్దాలపాటు చెప్పారు. మన ఇళ్ళలో ఎందరు ఆవకాయ మానేసి, మజ్జిగన్నం తిని, మీ కోపమే మీ జబ్బు అనిపించుకున్నారో! 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు చాలా అల్సర్లకు మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని పట్టుకున్నారు. 2005లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. 1981లోనూ కడుపుమంట నిజంగానే మండింది. కారణం తర్వాత దొరికింది.

మా నొప్పి విషయంలో ఆ కారణం కొంత దొరికింది కూడా. శాస్త్రవేత్త క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లోనే ఒక సంగతి చూపించాడు. గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలు తమ తీరు మార్చుకుని, చిన్న తాకిడిని కూడా పెద్ద నొప్పిగా పైకి పంపగలవు. 2002లో అమెరికాలో గ్రేస్‌లీ, క్లా బృందం ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళ బొటనవేలి గోటి మీద మెల్లగా ఒత్తుతూ మెదడును స్కాన్ చేసింది. మామూలు మనుషులకు నొప్పి పుట్టించే ఒత్తిడిలో సగానికి కాస్త ఎక్కువకే వీళ్ళకు అంత నొప్పీ పుట్టింది. మెదడులో నొప్పికి స్పందించే భాగాలూ రెండు వర్గాల్లోనూ చాలావరకు ఒకేలా వెలిగాయి. అంటే వీళ్ళు నటించడం లేదు, పెంచి చెప్పడం లేదు. వినాయకచవితి పందిట్లో మైకు సెట్టు సౌండు ఎవరో పైకి తిప్పి వదిలేస్తే మామూలు మాట కూడా చెవులు పగలగొట్టినట్టు, మా నరాల్లో నొప్పి సౌండు పైకి తిరిగి ఉంది. 2021లో లండన్ కింగ్స్ కాలేజీ, స్వీడన్ కరోలిన్‌స్కా సంస్థల పరిశోధకులు మరో మెట్టెక్కారు. ఈ జబ్బున్నవారి రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కించారు. ఎలుకల్లో నొప్పికి స్పందన పెరిగింది, కండబలం తగ్గింది, కదలికలు మందగించాయి. ఎలుకకు అత్తగారి మీద అలకేమీ ఉండదు కదా.

నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2017లో ఈ రకం నొప్పికి నోసిప్లాస్టిక్ అని విడిగా పేరు పెట్టింది. అదే సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని తిరగరాసింది. నాకు నొప్పిగా ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని దాని కింద వివరంగా రాసి పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మూడు నెలలు దాటిన నొప్పి ఇంకో జబ్బుకు లక్షణం మాత్రమే అయి ఉండక్కర్లేదు, తానే ఒక జబ్బు కావచ్చని ఆ పట్టిక ఒప్పుకుంది. ఇదంతా చదివాక నాకు ఊరట కలిగింది, దాని వెంటే కోపమూ వచ్చింది. పైన ఇంత జరిగాక కూడా కింద నా ఊళ్ళో కన్సల్టింగ్ రూములో "ఏం లేదు" అనే మాట అలాగే ఎలా బతికుంది?

స్కాన్ మీద మనకున్న భక్తి గురించి ఒక మాట. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. సగానికి పైగా మందిలో డిస్క్ బల్జ్ కనపడింది. హాయిగా నడిచే మనుషుల వెన్నులో అంత కనిపిస్తుంటే, రిపోర్టులో కనిపించిందే నొప్పికి కారణమని, కనిపించకపోతే నొప్పే లేదని ఎలా చెప్పగలరు? బల్జ్ ఉందన్న కాగితం పట్టుకుని భయంతో వంగడం మానేసిన మా బంధువొకాయన ఉన్నారు. కాగితం మీద ఏమీ లేక, లేచి నిలబడడానికే గోడ పట్టుకునే ఆవిడ మా వీధిలో ఉంది. ఆయనకు ఇంట్లో కుర్చీ వేస్తారు, ఆవిడకు బిందె ఇస్తారు.

ఇక మాట విలువ దగ్గరికి వస్తాను. 1975లో బ్రిటన్లో హ్యాంప్టన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ కొత్తగా ఔట్‌పేషెంట్‌కు వచ్చిన 80 మందిని పరిశీలించారు. అందులో 66 మంది జబ్బు ఏమిటో రిఫరల్ ఉత్తరం చదివి, వాళ్ళు చెప్పింది వినేసరికే సరిగ్గా తేలిపోయింది. చేత్తో పరీక్షించాక నిర్ణయం మారింది ఏడుగురికి, ల్యాబ్ పరీక్షలతో మారింది మరో ఏడుగురికి. స్కాన్లు ఇంతగా రానికాలం లెక్క ఇది, ఒప్పుకుంటాను. కానీ మనిషి మాట అప్పటికీ ఇప్పటికీ ఒకటే. దానికి మనం ఇస్తున్న సమయం ఎంత? 2017లో ప్రపంచ దేశాల ప్రాథమిక వైద్యం మీద అచ్చైన ఒక పరిశీలనలో డాక్టరు ఒక్కొక్కరికి ఇచ్చే సమయం స్వీడన్లో 22 నిమిషాలు దాటింది, మన దేశంలో రెండు నిమిషాలకు కాస్త అటూఇటూ. ఆ రెండు నిమిషాల్లో పేరూ వయసూ అడగడం, బీపీ చూడడం, మందులు రాయడం పోగా మాకు మిగిలేది ఎంత?

ఆ మిగిలిన క్షణాల్లో మేమేం చెబుతామో, అది ఎలా మారిపోతుందో చూడండి. మావాళ్ళు వచ్చి ఒట్టి "నొప్పి" అని ఊరుకోరు. "పన్నుపోటులాగా సలుపుతోందండీ" అంటారు. "పాదాలు చిమచిమలాడుతున్నాయి, చీమలు పాకినట్టుంది" అంటారు. "కూర్చుంటే నడుం పట్టేస్తోంది, నాలుగడుగులేస్తే సర్దుకుంటోంది" అంటారు. "పొద్దున లేవగానే గంటసేపు గుప్పిట మూతపడదు" అంటారు. "పిక్కలు పీకుతున్నాయి, రాత్రి ఎవరైనా తొక్కితే బాగుండనిపిస్తుంది" అంటారు. ఇవన్నీ ఆనవాళ్ళు. సలుపు ఉంటే ఎక్కడైనా చీము పట్టిందేమో వెతకాలి. చిమచిమ, చీమలు పాకడం అంటే నరం సంగతి చూడాలి, షుగర్ చూడాలి. కూర్చుంటే పెరిగి కదిలితే తగ్గే నడుంనొప్పి కుర్రవాళ్ళలో వెన్నెముక వాతానికి గుర్తు కావచ్చు. పొద్దున్నే గంటసేపు వేళ్ళు బిగుసుకోవడం కీళ్ళవాతాన్ని అనుమానించమంటుంది. ఇన్ని రకాలుగా విడమరిచి చెప్పిన మాటలు ఓపీ చీటీ మీదికి వచ్చేసరికి "బాడీ పెయిన్స్" అనే రెండు ముక్కలవుతాయి. ఏ సంగతి వింటే జబ్బు దొరుకుతుందో ఆ సంగతి మొత్తం గాలికి పోయి, ఆ రెండు ముక్కల కింద డైక్లోఫెనాక్, ప్యాంటాప్, బి కాంప్లెక్స్ వరసగా దిగుతాయి. కెనడాలో మెల్జాక్ అనే శాస్త్రవేత్త 1975లో రోగులు నొప్పిని వర్ణించే మాటలే 78 ఏరి, 20 గుంపులుగా పేర్చి, దాన్నే నొప్పిని కొలిచే ప్రశ్నాపత్రంగా చేశాడు. మెక్‌గిల్ ప్రశ్నాపత్రం అని దాన్ని ఇవాళ్టికీ వాడుతున్నారు. అక్కడ రోగి మాటే కొలబద్ద అయింది, ఇక్కడ చెత్తబుట్ట దాటడం లేదు.

డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టను. ఉదయం ఓపీలో వందమందిని చూసే ప్రభుత్వ డాక్టరుకు వినాలని ఉన్నా తీరికెక్కడిది? తప్పు ఇంకా లోతున ఉంది. స్కానుకు బిల్లు ఉంటుంది, ఆపరేషనుకు ప్యాకేజీ ఉంటుంది. వినడానికి బిల్లు లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, ఆ మేలు మరిచిపోకూడదు. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల పథకం. కుర్చీలో కూర్చుని అరగంట మాట్లాడి, మందు డోసు సర్ది, నెల తర్వాత మళ్ళీ రమ్మనే వైద్యానికి అందులో చోటు దొరకడం కష్టం. కోసే వైద్యానికి డబ్బు, వినే వైద్యానికి వట్టి చేతులు అయితే నొప్పి పడే మనిషి ఎటు నెట్టబడుతుందో వేరే చెప్పాలా?

చెప్పాలి. ఎందుకంటే గర్భసంచి ఆపరేషన్ వైపు ఆ నెట్టడం మన రెండు రాష్ట్రాల్లోనే అందరికంటే ఎక్కువ జరిగింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తర్వాతి సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. గడ్డలున్నవాళ్ళకు, రక్తస్రావం ఆగనివాళ్ళకు, కేన్సర్ తేలినవాళ్ళకు ఆ ఆపరేషన్ ప్రాణదానమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ మన ఊళ్ళలో ఆడవాళ్ళను అడగండి, ఎందుకు తీయించుకున్నారని. "నడుంనొప్పి, తెల్లబట్ట, పొత్తికడుపులో లాగుడు" అంటారు. "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకది, ఉంచితే కేన్సరవుతుంది అన్నారు" అంటారు. వరినాట్లప్పుడు రోజంతా వంగి ఉండే నడుముకు నొప్పి ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. రాత్రి నిద్ర పడుతోందా, ఇంట్లో ఎలా ఉంది, తిండి ఎంత తింటున్నావు అని అడగలేదు. ముప్పై అయిదేళ్ళు నిండకుండానే గర్భసంచి, చాలాసార్లు దాంతోపాటు అండాశయాలు కూడా పోయాయి. అండాశయాలు పోతే ఆ రోజు నుంచే ముట్లుడిగిన ఒళ్ళు. వేడి ఆవిర్లు, ఎముకల అరుగుదల వయసుకు ముందే వస్తాయి. నడుంనొప్పి మాత్రం చాలామందికి ఎక్కడిదక్కడే ఉంది. నాతోపాటు ట్రైనింగ్ అయిన స్నేహితురాలొకామె ఇలాగే చేయించుకుంది. "అప్పు మిగిలింది, నొప్పీ మిగిలింది" అని ఆమె అన్న మాట నన్ను వదలదు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆడదాని నొప్పిని అరగంట వినమని చెప్పడానికి దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా పోవాల్సి వచ్చిందన్నమాట.

ఆడవాళ్ళ మాట తేలికైపోవడం మన ఒక్క దగ్గరే కాదు. అమెరికాలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి కడుపునొప్పితో వచ్చినవాళ్ళ మీద 2008లో ఒక అధ్యయనం అచ్చైంది. నొప్పి మందు అందడానికి మగవాళ్ళకు 49 నిమిషాలు పడితే ఆడవాళ్ళకు 65 నిమిషాలు పట్టింది. అయితే మగవాళ్ళ కష్టం ఇంకో రకం. మగ్గం గుంటలో కూర్చునే నేతన్నా, రోజంతా ఆటో నడిపే తమ్ముడూ నొప్పి అని నోరు తెరవడమే నామోషీ అనుకుంటారు. వాళ్ళు మెడికల్ షాపు దగ్గర నిలబడి రెండు నొప్పి మాత్రలు మింగి బండెక్కుతారు. ఆ మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీకి ముప్పు. ఫైబ్రోమయాల్జియా నొప్పికైతే అవి పెద్దగా పనిచేయవు కూడా.

నా మాట విన్న డాక్టరు ఒకాయన దొరికారు. ఆయన ఏం చేశారో చెప్తే వినడం అంటే ఏమిటో తెలుస్తుంది. నా ఫైలు తిరగేసి, మూసి, పక్కన పెట్టారు. సొరుగులోంచి ఒక కాగితం తీశారు. దాని మీద మనిషి బొమ్మ గీతలతో గీసి ఉంది, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. పెన్సిలిచ్చి, "ఈ వారంలో ఎక్కడెక్కడ నొప్పి వచ్చిందో అక్కడ గీకండమ్మా, తొందరేం లేదు" అన్నారు. మెడ వెనక గీకాను, భుజాలు, పైచేతులు, నడుము, తొడలు, దవడ. దవడ దగ్గర ఆగాను, ఇది కూడా చెప్పొచ్చా అని. అప్పటిదాకా ఏ గదిలోనూ దాని ఊసెత్తలేదు, నవ్వుతారని. ఆయన "అదే ముఖ్యం, గీకండి" అన్నారు. తర్వాత నిద్ర గురించి, అలసట గురించి, మతిమరుపు గురించి ఒక్కొక్కటీ అడిగి అంకె వేశారు. 1990లో అమెరికా కీళ్ళవైద్యుల కాలేజీ ఈ జబ్బును తేల్చడానికి ఒంటి మీద 18 చోట్ల వేలితో ఒత్తి, కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలని నియమం పెట్టింది. 2010లో ఆ వేలి ఒత్తుడు తీసేసింది. ఇప్పుడు 19 చోట్లలో ఎన్నిచోట్ల నొప్పి ఉంది, నిద్రా అలసటా జ్ఞాపకం ఎలా ఉన్నాయి అన్నవి రోగినే అడిగి, లెక్కవేసి తేలుస్తారు. ఆ పెన్సిలు గీతల కాగితమే ఈ జబ్బుకు రిపోర్టు. నా ఫైల్లో అంత బరువున్న ఫిల్ముల మధ్య అప్పటిదాకా లేనిది ఆ ఒక్క కాగితమే. దానికి ఖర్చు అర్ధరూపాయి కూడా కాదు.

ఆయన నాకు పూర్తిగా నయమవుతుందని మాటివ్వలేదు. రాత్రిపూట తక్కువ డోసులో ఒక మాత్ర రాశారు. రోజూ కొంచెం కొంచెంగా నడవమన్నారు, ఒంట్లో బాగున్న రోజున ఎగబడి పనులు చేసి మర్నాడు కూలబడొద్దన్నారు. ఐరోపా కీళ్ళవైద్యుల సంఘం ఈ జబ్బుకు గట్టిగా సిఫార్సు చేసేది వ్యాయామాన్నే, తక్కినవన్నీ దాని తర్వాతే. విచిత్రం ఏమిటంటే, అంతకుముందు డాక్టర్లు కూడా వాకింగ్ చెయ్యమనే చెప్పారు. "ఏం లేదు, వాకింగ్ చెయ్యండి" అంటే అది నన్ను గదిలోంచి పంపేయడంలా వినిపించింది. "మీ నొప్పి నిజం, నరాలు ఇలా పనిచేస్తున్నాయి, అందుకు నడక" అంటే అది వైద్యంలా వినిపించింది. సలహా అదే. నమ్మిన మనిషి చెబితేనే అది ఒంటికి పట్టింది.

మనసు సంగతి దాటవేయను. దిగులుకూ నొప్పికీ చుట్టరికం ఉంది. దిగులు నొప్పిని పెంచుతుంది, తగ్గని నొప్పి దిగులును పుట్టిస్తుంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళమంటే నాకు చిన్నతనం లేదు, వెళ్ళాను, మేలూ జరిగింది. నాకు అభ్యంతరం ఒక్కటే, ఆ సలహా ఇచ్చే తీరు. పరీక్షలన్నీ అయిపోయాక మిగిలిన చివరి గదిలోకి తోసినట్టు "ఇది మానసికం" అంటారు, మానసికమైతే నొప్పి లేదన్నట్టు. మానసిక వైద్యులే ఆ దారి వదిలేశారు. 2013లో వచ్చిన వాళ్ళ డీఎస్ఎం-5 పుస్తకంలో, వైద్యానికి అంతుపట్టకపోవడం అనే షరతును ఈ రకం బాధల నిర్ధారణకు మూలంగా ఉంచలేదు. కారణం దొరకలేదు కాబట్టి మనసు జబ్బే అని తీర్మానించే హక్కు ఇప్పుడు ఆ శాస్త్రంలోనే లేదు.

2022లో నటి సమంత తనకు మయోసైటిస్ అని చెప్పినప్పుడు మన ఇళ్ళలో అందరూ ఆ మాట నేర్చుకున్నారు, ఆమెకు బాగవ్వాలని కోరుకున్నారు. అది రక్తపరీక్షల్లో జాడలు దొరికే జబ్బు, మాది వేరు. కానీ ఒక మనిషి బయటికి వచ్చి నాకు ఇలా ఉంది అంటే మన జనం నమ్మగలరని, అయ్యో అనగలరని ఆ రోజు నాకు తెలిసింది. ఆ నమ్మకంలో కొంచెం, పేరులేని నొప్పితో చేలో వంగి ఉన్న మనిషికీ, బీడీల చాట ముందు కూర్చున్న మనిషికీ ఇవ్వమంటున్నాను.

చట్టంలో కూడా మేం లేం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో దీర్ఘకాలిక నొప్పి లేదు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో కీలు ఎంత వంగుతుందో చూస్తారు, కండరంలో బలమెంతో చూస్తారు. మా కీళ్ళు వంగుతాయి, ఆ వంగిన ప్రతిసారీ మేమేం చెల్లిస్తున్నామో రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు. నాకు పింఛను అక్కర్లేదు, ఉద్యోగం ఉంది. నాలాగే నొప్పి ఉండి కూలికి పోలేని మనిషి ఆ క్యాంపు గుమ్మంలోనే ఆగిపోతోంది. ఆ జాబితాను మళ్ళీ తెరవండి. నొప్పి క్లినిక్కులు పెద్ద నగరాల పెద్దాసుపత్రులకే పరిమితం కాకుండా వారానికి ఒక్కరోజు జిల్లా ఆసుపత్రిలో పెట్టండి. మెడికల్ కాలేజీల్లో పిల్లలకు గుండె చప్పుడు వినడం నేర్పినంత ఓపికగా మనిషి మాట వినడం నేర్పండి.

ఇవన్నీ సర్కారు చెయ్యాల్సినవి, ఆలస్యమవుతాయని తెలుసు. జీవోతో, బడ్జెట్‌తో పని లేకుండా రేపు ఉదయం ఓపీ నుంచే మొదలుపెట్టగలిగేది ఒకటుంది. ఓపీ చీటీలో బాడీ పెయిన్స్ అని రాసే చోట మేం చెప్పిన మాటలే తెలుగులో రాయండి. డాక్టరుగారికి తీరిక లేకపోతే బయట బీపీ చూసే నర్సమ్మ రాయొచ్చు, చదువొచ్చినవాళ్ళమైతే బెంచీ మీద కూర్చున్న ఆ రెండు గంటల్లో మేమే రాసిస్తాం. "కుడి భుజం నుంచి మోచేతి దాకా మంట, తెల్లవారుజామున ఎక్కువ. రెండు పిక్కలూ పీకుడు. మూడేళ్ళుగా. వేన్నీళ్ళు పోసుకుంటే గంటసేపు నయం. నాట్లప్పుడు పెరుగుతుంది. రాత్రి మూడుసార్లు మెలకువ." అలా రాసి, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు చూసినా చదువుకునేలా, పరీక్షల కాగితాలన్నిటికంటే పైన పిన్ను చేయండి.